సంపు నిండితే చాలదు: విశాఖ అపార్టుమెంట్ల నీటి లెక్క

విశాఖపట్నం నడిబొడ్డున పారే పెద్ద నది ఒక్కటీ లేదు. ఎదురుగా సముద్రం, వెనక కొండలు, ఏటా సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన ఉన్నా, కుళాయిలో వచ్చే నీళ్లు మాత్రం ఎప్పుడూ దూరం నుంచే రావాలి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఊరి దాహం తీర్చింది ముడసర్లోవ జలాశయం. ఊరు పెరిగాక గోస్తనీ మీద 1960లలో కట్టిన తాటిపూడి, తర్వాత మేఘాద్రిగెడ్డ, శారదా నది వైపు నుంచి రైవాడ వచ్చి చేరాయి. ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వారు. అదీ చాలక, రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో గోదావరిని తోడి గొట్టాల్లో ఆ కాలువకు కలిపారు. ఇవాళ మధురవాడలోనో గాజువాకలోనో ఒక ఫ్లాటులో ఫ్లష్ నొక్కితే పోయే నీళ్లలో ఈ జలాశయాల్లో ఏదో ఒకదాని వాటా ఉంటుంది.

ఈ నీళ్లకు వేరే హక్కుదారులూ ఉన్నారు. తాటిపూడి, రైవాడ కేవలం నగరం కోసం కట్టినవి కావు, వాటి కింద ఆయకట్టు ఉంది. రైవాడ నీటిని పూర్తిగా పొలాలకే వదలాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఏలేరు నీళ్లలో పరిశ్రమలకు పెద్ద వాటా. పోలవరం ఎడమ కాలువ పూర్తయితే విశాఖ తాగునీటికి, పరిశ్రమలకు 23.44 టీఎంసీలు ఇవ్వాలన్నది ప్రణాళిక. ఆ 181 కిలోమీటర్ల కాలువ మీద ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ అపార్టుమెంటు సంఘం ఈ వేసవి బిల్లును వచ్చే దశాబ్దపు కాలువతో కట్టలేదు. పరిశ్రమలే అంత తాగేస్తుంటే మా నలభై ఫ్లాట్లు పొదుపు చేసి ఏం లాభమని అడిగేవాళ్లు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. పరిశ్రమల వాటా గురించి ఆ కోపం న్యాయమైనదే, అది ప్రభుత్వంతో తేల్చుకోవలసిన విషయం. సంఘం ఖాతాలోంచి పోయే డబ్బుకు మాత్రం అది జవాబు కాదు.

ఆ డబ్బు ఎలా పోతోందో ముందు చూడాలి. చాలా సంఘాల నెలవారీ లెక్కల్లో నీటికి విడిగా పద్దు ఉండదు. మున్సిపాలిటీ నీటి బిల్లు ఒకచోట, ట్యాంకర్ల డబ్బు ఇంకొకచోట, మోటార్ల కరెంటు కామన్ మీటరులో లిఫ్టుతోనూ మెట్ల దీపాలతోనూ కలిసిపోయి, మోటారు రీవైండింగ్, సాఫ్ట్‌నర్‌లో వేసే ఉప్పు, ప్లంబర్ కూలి ‘రిపేర్ల’ కింద రాసి ఉంటాయి. అన్నీ ఒకచోట కూడితే, వాచ్‌మన్ జీతం, లిఫ్టు నిర్వహణ సరసన నిలబడే పెద్ద ఖర్చు నీరేనని తేలే భవనాలు తక్కువేమీ కావు. కూడనంత కాలం, మెయింటెనెన్స్ ఎందుకు పెంచాలో కార్యదర్శి చెప్పలేరు, ఎందుకు కట్టాలో ఫ్లాటు యజమానికి అర్థం కాదు.

కరెంటు సంగతే తీసుకుందాం. మున్సిపాలిటీ నీరు సంపులోకి దానంతట అదే వస్తుంది. అక్కడి నుంచి 25 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకుకు 1,000 లీటర్లు ఎక్కించాలంటే, మామూలు మోటారు సామర్థ్యం మీద, యూనిట్లో ఆరో వంతు సరిపోతుంది. అదే వెయ్యి లీటర్లను 300 అడుగుల లోతు బోరులోంచి తోడి పైకి పంపాలంటే ముప్పావు యూనిట్ దాకా ఖర్చవుతుంది. అంటే ఉచితం అనుకునే బోరు నీటికి నాలుగింతల కరెంటు. పైగా ఆ నీటి ఉప్పుకు పాడయ్యే గీజర్లు, తెల్లగా పూత పట్టే కుళాయిలు, మొరాయించే వాషింగ్ మెషిన్లు. ఈ ఖర్చు సంఘం ఖాతాలో కనిపించదు, ఇంటింటి జేబులోంచి పోతుంది. నీటిని ఎత్తడానికయ్యే కరెంటు నగరపాలక సంస్థకూ భారమే. ముడసర్లోవ జలాశయం మీద 2018లో 2 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు పెట్టడానికి ఆ భారం కూడా ఒక కారణం.

వేసవి రాగానే సంఘాలు చేసే పని దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఇంకో బోరు వేద్దామంటారు. అది తడారితే ట్యాంకర్ పిలుస్తారు. విశాఖ నేల కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైట్ రాయి. పైన మెత్తబడిన పొర దాటాక నీరు పగుళ్లలోనే దొరుకుతుంది. పక్క భవనంవాళ్లు ఇంకా లోతుకు వేస్తే మన పగులు ఎండుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న వీధుల్లో అతిగా తోడితే ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, ఒకసారి జరిగాక వెనక్కి పంపడం దాదాపు అసాధ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోర్లకు అనుమతి కావాలంటోంది. చాలా సంఘాలు ఆ అనుమతి గురించి ఆలోచించవు. రెండో బోరు, మూడో బోరు పేరిట సభ్యుల దగ్గర వసూలు చేసిన డబ్బు నీటి ఖర్చును తగ్గించడం నేను చూడలేదు. కొన్నాళ్లు వాయిదా వేస్తుంది, అంతే.

మరి ఏం చేస్తే తగ్గుతుంది? ఈ ప్రశ్నకు దొరుకుతున్న జవాబులన్నీ ఒక్కొక్కటిగా తూచి చూడవలసిందే. తూచడానికి ఒక ఉదాహరణ భవనాన్ని అనుకుందాం: 50 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ ప్రమాణం. ఆ లెక్కన ఈ భవనానికి రోజుకు 27,000 లీటర్లు కావాలి.

వాన నీటి దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ముందు చెప్పేది అదే. 500 చదరపు మీటర్ల డాబా, ఏటా 1,100 మిల్లీమీటర్ల వాన, పడినదాంట్లో ఎనభై శాతం చేతికి అందితే, ఏడాదికి 4 లక్షల 40 వేల లీటర్లు. వినడానికి పెద్ద అంకె. భవనం వాడకంతో భాగిస్తే పదహారు రోజుల నీరు. వాన కూడా చాలావరకు జూన్ నుంచి నవంబరు లోపే, అందులోనూ తుపాన్ల రోజుల్లో ఒక్క ఊపున పడుతుంది. కాబట్టి ఇంకుడు గుంత తవ్వేస్తే ట్యాంకర్ అవసరం ఉండదన్న మాట నిజం కాదు. తవ్వొద్దని దీని అర్థం కాదు. బీచ్ రోడ్డు వైపు ఇసుక నేలలో ఇంకిన ప్రతి చుక్కా ఉప్పునీటిని అడ్డుకుంటుంది, అక్కడ ఇంకుడు గుంత పొరుగువాళ్లందరికీ మేలు చేస్తుంది. సింహాచలం, కంబాలకొండ దిగువ ప్రాంతాల్లో పాత నూతులు ఇంకా మిగిలి ఉన్నచోట డాబా నీటిని వడకట్టి నేరుగా నూతిలోకి దించవచ్చు. బంకమట్టిగా మారిన ఖోండలైట్ మీద తవ్విన గుంత మాత్రం రెండు మూడు వానాకాలాలకే పూడుకుపోతుంది. అక్కడ డాబా నీటిని వడపోసి సంపులోకే మళ్లించి వానాకాలంలో వాడుకోవడం మేలు. కొత్త భవనాలకు వాన నీటి ఏర్పాటు తప్పనిసరి అని నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. చాలాచోట్ల అది ప్లాను ఆమోదానికి తవ్విన గుంతగానే మిగిలిపోయింది, దాని మీద కారు నిలిపి ఉంటుంది.

ఇప్పుడు ఫ్లష్ చూద్దాం. పాత సిస్టర్న్ ఒక్కసారి నొక్కితే 10 లీటర్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ వదులుతాయి. రెండు మీటలున్న కొత్త రకం చిన్న మీటకు 3, పెద్ద మీటకు 6 లీటర్లు. నలుగురున్న ఇంట్లో రోజుకు ఇరవై సార్లు ఫ్లష్ వేస్తారనుకుంటే, సగటున ఆరు లీటర్ల తేడాతో ఇంటికి 120 లీటర్లు, యాభై ఇళ్లకు 6,000 లీటర్లు రోజూ మిగులుతాయి. ఏడాదికి 21 లక్షల 90 వేల లీటర్లు. అదే డాబా నుంచి ఏడాదంతా చేతికందే వాన నీటికి దాదాపు ఐదింతలు! సిస్టర్న్ మార్చే స్తోమత లేని ఇంట్లో నీళ్లు నింపిన లీటరు సీసాను ట్యాంకులో నిలబెట్టినా ప్రతిసారీ లీటరు మిగులుతుంది.

కుళాయిల సంగతీ ఇలాంటిదే. ధారలో గాలి కలిపే ఏరేటర్ బిగిస్తే నిమిషానికి పది లీటర్లకు పైగా పోసే వాష్‌బేసిన్ కుళాయి అందులో సగానికన్నా తక్కువతో పని కానిస్తుంది. ఉప్పు పట్టి మూసుకుపోతుంది కాబట్టి నెలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పని సంఘాల్లో మూడు నెలలకే ఏరేటర్లు పీకి పారేశారు. పది అంతస్తుల భవనంలో కింది ఇళ్లకు పైనుంచి దిగే నీటి ఒత్తిడి మరీ ఎక్కువ. అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వు పెడితే కుళాయి తిప్పడం మారకుండానే నీరు తగ్గుతుంది. స్నానానికి బకెట్టూ చెంబూ వాడే పెద్దవాళ్లు ఇరవై లీటర్లలో కానిచ్చేస్తారు. నిమిషానికి పది లీటర్ల షవర్ కింద పది నిమిషాలు నిలబడితే వంద. పిల్లలకు ఈ అంకె చెప్పండి, వాళ్లు వింటారు.

కారే చోట్ల విషయం ఇంకా తేలిక, అయినా దాదాపు ఎవరూ చూడరు. రాత్రి ఒంటిగంటకు పై ట్యాంకు నింపి, మోటారు కట్టేసి, నీటిమట్టం గుర్తు పెట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ కొలవండి. ఆ మూడు గంటల్లో భవనం నిద్రపోతుంది, వాడకం దాదాపు ఉండదు. ట్యాంకు అడుగు వైశాల్యం 10 చదరపు మీటర్లయితే ఒక సెంటీమీటరు దిగడమంటే 100 లీటర్లు. ఆరు సెంటీమీటర్లు దిగితే మూడు గంటల్లో 600 లీటర్లు, రోజుకు 4,800 లీటర్లు ఎక్కడో కారిపోతున్నట్టే. అందులో ఎక్కువ భాగం శబ్దం లేకుండా కారే ఫ్లష్ ట్యాంకులదే అవుతుంది. సిస్టర్న్‌లో కాస్త రంగు కలిపి పావుగంట ఆగితే, ఫ్లష్ వేయకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ పాడైనట్టు. కొత్త వాషర్ ఖరీదు ట్యాంకర్ ఖరీదు పక్కన లెక్కలోకి రాదు.

వాచ్‌మన్ గురించి ఇక్కడే చెప్పాలి. భవనంలో నీటిని నిజంగా నడిపేది ఆయనే. మోటారు ఎప్పుడు వేయాలి, మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఏ వాల్వు ఎటు తిప్పాలి అన్నది ఆయనకే తెలుసు. తెల్లవారుజామున మోటారు వేసి గేటు దగ్గరికో కార్లు కడగడానికో వెళ్తే ట్యాంకు పొంగిపోతుంది, ఆ తప్పు ఆయన మీద వేస్తారు. నిజానికి అది ఏర్పాటులో లోపం. నీరు నిండగానే మోటారు దానంతట ఆగే లెవెల్ కంట్రోలర్ పెట్టించి, ఒక పుస్తకమిచ్చి రోజూ మీటరు రీడింగ్ రాయమని, అందుకు కొంత అదనంగా జీతమిస్తే, భవనానికి నీటి ఇంజినీరు దొరికినట్టే. కార్లు కడిగే పైపు కూడా తీసేయాలి. బకెట్టు, గుడ్డ చాలు.

ఈ ఊరిలో నీటి వృథాకు ఒక ప్రత్యేక కారణం ఉంది, దాన్ని ఎందుకో పెద్దగా చర్చించరు. చాలా భవనాల్లో మున్సిపాలిటీ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో పడతాయి. గోదావరి, గోస్తనీ లాంటి నదుల నీటిలో కరిగిన లవణాలు (టీడీఎస్) సాధారణంగా లీటరుకు 500 మిల్లీగ్రాముల హద్దుకు చాలా దిగువన ఉంటాయి. ఆ హద్దు లోపు ఉంటే తాగడానికి మంచిదని భారత ప్రమాణం. ఆ మంచినీళ్లలో ఉప్పు బోరు నీరు కలపగానే మొత్తం పాడవుతుంది. అప్పుడు ప్రతి ఇంటికీ ఆర్వో యంత్రం తప్పదు. అది ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు తూములోకి వదులుతుంది. టీడీఎస్ 500 కన్నా తక్కువ ఉన్నచోట ఆర్వోలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. సంపులో ఒక గోడ కట్టి, మున్సిపాలిటీ నీటికి ఒక చిన్న ట్యాంకు విడిగా పెట్టి, వంటింటి గొట్టాన్ని దానికి కలిపితే, చాలా ఇళ్లలో ఆర్వో అవసరమే తీరిపోతుంది. తీరనిచోట వృథా నీటిని బకెట్టులో పట్టి గచ్చు కడగొచ్చు. నా దృష్టిలో విశాఖ భవనాలకు ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే పనుల్లో ఈ గోడ ముందు వరుసలో ఉండాలి.

మురుగు శుద్ధి గురించి గట్టిగా వాదించేవాళ్లున్నారు. 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి, ఆ అనుమతి షరతుల్లో మురుగు శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) ఉంటుంది. 135 లీటర్లలో దాదాపు మూడో వంతు, అంటే 45 లీటర్లు, ఫ్లష్‌కే పోతాయని పాత ప్రమాణాల అంచనా. రెండు వందల ఫ్లాట్ల సముదాయంలో అది రోజుకు 36,000 లీటర్లు. ఫ్లష్‌కు వేరే గొట్టాలు కట్టేటప్పుడే వేసి ఉంటే ఎస్టీపీ నిజంగా పనికొస్తుంది, లేకపోతే శుద్ధి చేసిన నీరు మొక్కలకు పోయగా మిగిలింది డ్రైనేజీలోకే పోతుంది. యాభై ఫ్లాట్ల భవనానికి దాని కరెంటు, ఆపరేటరు జీతం మోయలేని భారం. ఎస్టీపీ గానీ సెప్టిక్ ట్యాంకు గానీ ఉన్న ప్రతి సంఘమూ ఒక విషయం గోడ మీద రాసుకోవాలి: రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఏటా ఈ దేశంలో ఆ ట్యాంకుల్లో మనుషులు ఊపిరాడక చనిపోతున్నారు. కొంత డబ్బు మిగులుతుందని యంత్రం బదులు మనిషిని పిలిచే సంఘం ఒక ప్రాణాన్ని పణంగా పెడుతోంది.

ఇవన్నీ దేని మీద ఆధారపడతాయో అది ఇంకా చెప్పలేదు. అది మీటరు. మున్సిపాలిటీ కనెక్షన్ భవనం మొత్తానికి ఒక్కటి. ఆ ఖర్చును ఫ్లాట్లన్నీ సమానంగానో చదరపు అడుగుల చొప్పునో పంచుకుంటాయి. పెద్ద ఫ్లాటులో ఇద్దరు వృద్ధులు, చిన్న ఫ్లాటులో ఏడుగురు ఉంటే, తక్కువ వాడినవాళ్లు ఎక్కువ కడతారు. కారే ఫ్లష్ బాగుచేయించుకున్న ఇంటికి దమ్మిడీ మిగలదు. అలాంటప్పుడు ఎవరు పొదుపు చేస్తారు? వాళ్ల స్వభావాన్ని నిందించి లాభం లేదు.

మీటర్లు పెట్టడంలో ఒక చిక్కుంది. పాత భవనాల్లో పై ట్యాంకు నుంచి వంటింటికి ఒక గొట్టం, ప్రతి బాత్‌రూముకూ ఒక గొట్టం నిలువుగా దిగుతాయి. ఒక్కో ఫ్లాటుకు మూడు నాలుగు చోట్ల నుంచి నీరు ప్రవేశిస్తుంది, వాకిట్లో ఒక్క మీటరు బిగిస్తే సరిపోదు. ప్రతి ప్రవేశం దగ్గరా చిన్న మీటరు పెట్టి వాటిని కూడాలి. ఉప్పు నీటికి ముల్లు తిరిగే మీటర్లు త్వరగా మొరాయిస్తాయి, కదిలే భాగాలు లేని అల్ట్రాసోనిక్ రకం నిలుస్తుంది కానీ ఖరీదు. ఒకేసారి అంత పెట్టలేని సంఘం ముందు సంపులోకి వచ్చే మున్సిపాలిటీ గొట్టానికి, బోరుకు, పై ట్యాంకు నుంచి దిగే ఒక్కో నిలువు గొట్టానికి మీటర్లు పెట్టుకోవచ్చు. ఏ వరుస ఇళ్లలో నీరు ఎక్కువ పోతోందో తెలుస్తుంది. తర్వాత ఆ వరుసలోనే ఇంటింటికీ వెళ్లి వెతకొచ్చు.

వేరే ఊళ్ల అనుభవం ఇదే చెబుతోంది. హైదరాబాద్‌లో 2021 జనవరిలో నెలకు ఇంటికి 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలుపెట్టినప్పుడు జలమండలి అపార్టుమెంట్లకు పెట్టిన షరతు పనిచేసే మీటరు. నలుగురి ఇంటికి 135 చొప్పున నెలకు 16,200 లీటర్లే కనుక, ఆ హద్దు ఉదారమైనదే. మీటరు లేని అపార్టుమెంటుకు ఆ ఉదారత అందలేదు. బెంగళూరులో సర్జాపుర రోడ్డు మీది రెయిన్‌బో డ్రైవ్ లేఅవుట్‌కు కావేరి నీళ్లు ఉండేవి కావు, సొంత బోర్లే దిక్కు. అక్కడి సంఘం సభ్యులు విడిగా బోర్లు వేసుకోవడం మాన్పించి, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులు పెట్టి, ఇంకుడు బావులు తవ్వించింది.  అదే బెంగళూరులో 2024 వేసవి కరవులో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేసి, అపార్టుమెంట్లకు ఏరేటర్లు తప్పనిసరి చేశారు. ముందే చేసుకుంటే పొదుపు, ఆలస్యమైతే జరిమానా. అమెరికాలో మనవాళ్లు చేరిన కాలనీల్లో నీటి ఖర్చు ఎక్కువగా పచ్చికది. ఎడారి రాష్ట్రం నెవాడా 2021లో ఒక చట్టం చేసి, లాస్ వేగాస్ ప్రాంతంలో కాలనీ సంఘాల ఉమ్మడి స్థలాల్లో అలంకారానికి పెంచే పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీళ్లు పెట్టకూడదంది. మన దగ్గర పచ్చిక తక్కువ. కానీ రుషికొండ, ఎండాడ వైపు వస్తున్న విల్లా సముదాయాలు బ్రోచర్లలో ఆ పచ్చికనే చూపిస్తున్నాయి. కొనేవాళ్లు దానికి నీళ్లెక్కడివని అడగాలి.

కొనేవాళ్లు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు పనితనంలోనో సేవల్లోనో లోపం బయటపడితే నిర్మాత తన ఖర్చుతో సరిచేయాలి. కారే సంపు, పనిచేయని ఎస్టీపీ, అలంకారానికి తవ్విన ఇంకుడు గుంత అందులోకే వస్తాయి. ఐదేళ్లు గడిచాక మీ డబ్బే పెట్టాలి. కాబట్టి కొత్త సంఘం ఏర్పడగానే, నిర్మాత నుంచి లెక్కలు తీసుకునేటప్పుడే, గొట్టాల నక్షా, బోరు అనుమతి కాగితం, ట్యాంకుల కొలతలు రాతపూర్వకంగా తీసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకుపడ్డాక కరెంటు లేక మోటార్లు ఆగాయి. పై అంతస్తులవాళ్లు మెట్ల మీదుగా బిందెలు మోశారు. ఆ రోజుల్లో ఒక్కో బిందె ఎంత విలువైనదో మోసినవాళ్లందరికీ తెలుసు. మామూలు రోజుల్లో అదే నీరు కనిపించకుండా పైకి ఎక్కుతుంది కాబట్టి లెక్క మరిచిపోతున్నాం.

అపార్టుమెంటు సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు ఒక విన్నపం. వచ్చే సర్వసభ్య సమావేశంలో బోరు గురించి గానీ ట్యాంకర్ కాంట్రాక్టు గురించి గానీ చర్చించే ముందు రెండు తీర్మానాలు పెట్టండి: నీటి ఖర్చుకు విడిగా ఒక పద్దు, వచ్చే నీటికీ దిగే నీటికీ మీటర్లు. మూడు నెలల రీడింగ్‌లు లిఫ్టు పక్కన బోర్డు మీద అంటించండి. రాత్రి పరీక్ష ఒక్కసారి చేసి చూడండి. మిగతా పనుల్లో మీ భవనానికి ఏది ముందో ఆ అంకెలే చెబుతాయి. మార్చి వచ్చేదాకా ఆగకండి, జనవరిలోనే మొదలుపెట్టండి.